డీజిల్ వద్దు, సరే. ఛార్జింగ్ కూడా వద్దా?

మా బావమరిదికి పాడేరు వైపు ఒక పాత మహీంద్రా జీపు ఉంది. కాఫీ బస్తాలు, మిరియాల బస్తాలు, పెళ్ళివారు, రోగులు... ఆ ఘాటీలో అది మొయ్యనిది లేదు. ఈ మధ్య ఫోన్ చేసి, "బావా, ఇంజను తీయించేసి కరెంటు మోటారు పెట్టిస్తున్నా. ఏభై వేలు అడ్వాన్సు కూడా ఇచ్చేశా" అన్నాడు. సంతోషించాను. తర్వాతి మాటకి గతుక్కుమన్నాను. "దీనికి ఛార్జింగ్ అక్కర్లేదట బావా. వెనక చక్రానికి ఆల్టర్నేటర్ బిగిస్తారట. బండి నడుస్తున్నంతసేపూ బ్యాటరీ దానంతటదే నిండుతుందట."

వాడు బీఎస్సీ చదివాడు. శక్తి నిత్యత్వ నియమం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాడు. మన చదువులతో వచ్చిన చిక్కే ఇది. నియమం జవాబు పత్రంలో ఉండిపోతుంది, బజారుకి మనతో రాదు.

జీపుని కరెంటుకి మార్చడంలో మాత్రం మాయ ఏమీ లేదు. ఇంజను, డీజిల్ ట్యాంకు, సైలెన్సర్ తీసేస్తారు. గేర్‌బాక్సు, నాలుగు చక్రాలకీ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు అలాగే ఉంచి, మధ్యలో ఒక ఉక్కు పలక పెట్టి మోటారుని బిగిస్తారు. బురదలో దిగిన జీపుకి కావలసింది వేగం కాదు, మొదటి లాగుడు. కరెంటు మోటారు ఆగి ఉన్న స్థితి నుంచే పూర్తి బలంతో లాగుతుంది. డీజిల్ ఇంజను అలా లాగలేదు. ఈ విషయంలో అమ్మేవాడు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. అబద్ధం ఎప్పుడూ ఒంటరిగా రాదు, నాలుగు నిజాలని వెంటేసుకుని వస్తుంది.

ఇక లెక్క చూద్దాం. ఒక లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. (మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే.) అందులో చక్రం దాకా చేరేది మూడోవంతు కూడా ఉండదు, మిగతాదంతా వేడిగా పోతుంది. మోటారు అంత వృథా చెయ్యదు. అయినా జీపు ఆకారం పెట్టెలాంటిది, గాలిని చీల్చుకుపోయే రకం కాదు. యూనిట్‌కి 4 కిలోమీటర్లు వస్తే గొప్ప. 30 యూనిట్ల బ్యాటరీ పెడితే చదును రోడ్డు మీద 120 కిలోమీటర్లు, బురదలోనో ఘాటీలోనో ఇంకా తక్కువ. ఆ బ్యాటరీ ఒక్కటే పావు టన్ను దాకా తూగుతుంది.

మరి ఆల్టర్నేటర్? దాన్ని తిప్పాలంటే చక్రం తిప్పాలి. చక్రాన్ని మోటారు తిప్పాలి. మోటారుకి కరెంటు బ్యాటరీ ఇవ్వాలి. బ్యాటరీ నుంచి ఒక యూనిట్ అదనంగా బయటికి వస్తే, దారి పొడుగునా నష్టాలు పోను, ముప్పావు యూనిట్ తిరిగి చేరితే ఎక్కువే. అంటే ఆల్టర్నేటర్ బిగించిన బండి తక్కువ దూరం వెళుతుంది. ఎంత గొప్ప గారడీవాడైనా తన భుజాల మీద తాను ఎక్కలేడని మన పాత దర్శనాల వాదాల్లోనే ఉంది. దీనికి న్యూటన్ దాకా పోనక్కర్లేదు.

"మరి ఘాటీ దిగేటప్పుడు బ్యాటరీ నిండటం నేను కళ్ళారా చూశాగా?" అన్నాడు మావాడు. నిజమే, చూశాడు. భ్రమ పుట్టేది సరిగ్గా ఇక్కడే. మనుషులతో, సరుకుతో 1800 కిలోల జీపు 900 మీటర్ల ఎత్తుకి ఎక్కాలంటే, రాపిడి సంగతి పక్కన పెట్టినా, కేవలం ఎత్తు కోసమే సుమారు నాలుగున్నర యూనిట్లు ఖర్చవుతాయి. దిగేటప్పుడు మోటారే జనరేటర్‌గా పనిచేసి బండిని నెమ్మదింపజేస్తుంది, ఆ నాలుగున్నరలో కొంత వెనక్కి వస్తుంది. ఎక్కేటప్పుడు మనం దాచుకున్న డబ్బే అది, కమీషన్ పోగా తిరిగి వచ్చింది. మావాడికి వాళ్ళు దిగేటప్పుడే మీటరు చూపించారు. ఎక్కేటప్పుడు చూపించలేదు.

ఇలాంటివి మనకి కొత్త కాదు. 1996లో తమిళనాడులో రామర్ పిళ్ళై మూలికలతో పెట్రోలు చేస్తానంటే పెద్దపెద్దవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. 2016లో చెన్నై కోర్టు అతనికి మూడేళ్ళ శిక్ష వేసింది. 2012లో పాకిస్తాన్‌లో నీళ్ళతో కారు నడుపుతానన్న ఒకాయన్ని మంత్రులే మెచ్చుకున్నారు. భౌతికశాస్త్రవేత్త పర్వేజ్ హూద్‌భాయ్ లాంటి కొద్దిమందే గట్టిగా కాదన్నారు. సరిహద్దుకి ఇవతలా అవతలా దేవుళ్ళు వేరు గానీ, ఊరికే వచ్చే ఇంధనం మీద భక్తి మాత్రం ఒకటే.

మన వైపు మూఢనమ్మకం కూడా ఒకటుంది, అదీ చెప్పాలి. "కరెంటు బండికి కాలుష్యమే లేదు" అంటారు. మన దేశంలో కరెంటు ఎక్కువ భాగం బొగ్గుదే. లీటరుకి 10 కిలోమీటర్లిచ్చే జీపు కిలోమీటరుకి దాదాపు 270 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. కరెంటు జీపు లెక్కలో, ఛార్జింగ్ నష్టాలు కలిపి, 200 గ్రాములు ఎక్కడో థర్మల్ కేంద్రం దగ్గర వదులుతుంది. లాభం ఉంది, కానీ సున్నా కాదు. ఆసుపత్రి వాకిట్లో పొగ లేకపోవడం మాత్రం అసలైన లాభం. ఖర్చూ తగ్గుతుంది. లీటరు 100 రూపాయలనుకుంటే కిలోమీటరుకి 10 అవుతుంది, యూనిట్ 8 రూపాయలనుకుంటే మూడు కూడా దాటదు.

అందుకే మార్పించవద్దని నేను అనలేదు. రెండు అడగమన్నాను. మొదటిది కాగితాలు: కిట్‌కి గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఆమోదం ఉందా, ఆర్సీలో ఇంధనం మార్పిస్తారా అని. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఊరికే లేదు. రేపు ఘాటీలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు మొదట అడిగేది అదే. రెండోది పరీక్ష: ఛార్జింగ్ ప్లగ్గుకి మా ఎదుట సీలు వేసి, చదును రోడ్డు మీద 300 కిలోమీటర్లు నడిపి చూపించమను. బయల్దేరిన చోటికే తిరిగి రావాలి, దొంగ లోయలు ఉండకూడదు. కోవూర్ గారు 1963లో లక్ష రూపాయల సవాలు విసిరారు. మా దగ్గర అంత లేదు, మిగతా సొమ్ము మొత్తం అక్కడికక్కడే ఇచ్చేస్తాం అని చెప్పమన్నాను.

చెప్పాడు. "నమ్మకం లేనివాళ్ళతో మేం వ్యాపారం చెయ్యం" అన్నారట! ఈ మాట నేను బాబాల దగ్గర చాలాసార్లు విన్నాను గానీ మెకానిక్ షెడ్డులో వినడం ఇదే మొదలు. ఏభై వేలలో ఇరవై వెనక్కి వచ్చాయి, మిగతా దానికి తిరుగుతున్నాడు. జీపు ఇంకా డీజిల్ మీదే నడుస్తోంది. ప్లగ్గుతో ఛార్జింగ్ పెట్టుకునే, ఆమోదం ఉన్న కిట్ కోసం వెతుకుతున్నాడు. అది వచ్చాక టైర్ల కింద నిమ్మకాయలు పెడతానంటున్నాడు మా చెల్లి కోసం. పెట్టుకోమన్నాను. వాటికి ఎవరూ అడ్వాన్సు అడగరు.