కొనుగోలు బల్ల మీద అమానతు

అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. అక్కడ కొనేవారి చూపు మొదట పడేది దిమ్మ రంగు మీద. పసుపుపచ్చగా మెరిసే దిమ్మకు ధర ఎక్కువ, నల్లబడిన దిమ్మకు తక్కువ. దీని పర్యవసానం ఆ ప్రాంతంలో అందరికీ తెలిసినదే. రంగు కోసం కొందరు పాకంలో ‘హైడ్రోస్’ అనే రసాయనం కలుపుతారు. తప్పు వండేవాడిదని తేలికగా అనేస్తాము. కాని రంగుకే ధర కట్టినవాడు కొనుగోలుదారు కాదా? కొనేవాడు ఏది కోరితే అమ్మేవాడు దానినే తయారు చేస్తాడు.

ఈ సంగతి ఎత్తుకోవడానికి కారణం, ఆ జిల్లా నుండి ఒక తల్లి మాకు పంపిన ప్రశ్న. బి.కాం. పూర్తిచేసిన ఆమె కుమారునికి ఒక అంతర్జాతీయ సహాయ సంస్థలో ‘ప్రొక్యూర్‌మెంట్ సపోర్ట్’ ఉద్యోగం వచ్చే అవకాశం ఉందట. సేవా సంస్థ అంటే వరద బాధితులకు అన్నం పంచుతాడని తాము అనుకున్నామనీ, తీరా చూస్తే రోజంతా కొటేషన్లు పోల్చి పట్టికలు తయారుచేసే పని అనీ, ఇందులో పుణ్యం ఏమున్నదనీ ఆమె అడిగారు. అంతకంటే ముఖ్యమైన మాట ఆ తరువాత ఉంది. “కొనుగోళ్ల సీటా, అయితే పై రాబడికి లోటుండదు” అని బంధువులు సంతోషిస్తున్నారట. ఆ సంతోషం చూసి ఆమెకు భయం కలిగింది. ఆ భయం విశ్వాసపు ఆనవాలు అని మేము భావిస్తున్నాము.

ముందుగా పని సంగతి. ఏ సహాయ సంస్థలోనైనా క్షేత్రంలో ఉన్నవారు తమకు కావలసిన వస్తువులను అభ్యర్థన పత్రంలో రాసి పంపుతారు. కొనుగోలు విభాగం వాటి ప్రమాణాలను స్పష్టంగా నిర్ణయించి, పలువురు వర్తకుల నుండి ధరలు కోరుతుంది. పెద్ద కొనుగోళ్లకు వచ్చే సీల్డ్ టెండర్లను నిర్ణీత సమయంలో ఒకరికంటే ఎక్కువమంది సమక్షంలో తెరుస్తారు. ఆర్డరు, గిడ్డంగిలో సరుకు అందినట్లు రాసిన పత్రం, వర్తకుని బిల్లు, ఈ మూడూ సరిపోలితేనే డబ్బు చెల్లిస్తారు. అడిగేవారు, కొనేవారు, సరుకు దించుకునేవారు, చెల్లించేవారు వేర్వేరు వ్యక్తులై ఉండాలన్నది నియమం. ‘సపోర్ట్’ ఉద్యోగి చేసేది ఈ కాగితాలన్నింటినీ సక్రమంగా నడిపించడం. అప్పు లావాదేవీలను రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఆదేశించే ఆయతు దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పొడవైనదని మన పిల్లలకు మదరసాలో చెబుతారు. ఆ ఆయతును నమ్మే మనకు కాగితం పని అల్పంగా కనిపించడం వింతే.

ఇక పుణ్యం ఎక్కడున్నదంటారా? ఒక టార్పాలిన్‌ను తీసుకుందాం. నిరాశ్రయులకు ఇచ్చే టార్పాలిన్ సాధారణంగా 4 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు ఉంటుంది. ఎండకు చిట్లకుండా, అంచుల దగ్గర తాడు లాగినా చినగకుండా ఉండాలి. కొలత ఒకటే అయినా మందం తగ్గించి, ధర తగ్గించి ఇచ్చే వర్తకులు ఎప్పుడూ ఉంటారు. పట్టికలో అది లాభంగానే కనిపిస్తుంది. మొదటి ఈదురుగాలికి ఆ గుడ్డ చిరిగితే దాని కింద తడిసేది బాలింతా పసిబిడ్డా. నీటి విషయమూ అంతే. విపత్తు వేళ మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు కావాలని సహాయ సంస్థలు పాటించే ప్రమాణం. అయిదుగురున్న ఇంటికి 75 లీటర్లు. డబ్బాల లెక్కలో గుమాస్తా ఒక్క అంకె తప్పితే ఎవరింటి కుండ ఖాళీగా ఉంటుందో అతనికి ఎన్నటికీ తెలియదు.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న రాశి లోపల తడిగా తగిలింది. వాన తగిలిందని అమ్మేవాడు చెప్పగా, ఆ తడిని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు, మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. ముస్లిం గ్రంథంలోని హదీసు ఇది. దీనిని మనం ఎప్పుడూ అమ్మేవారికే వినిపిస్తాము. రాశిలో చేయి పెట్టవలసిన బాధ్యత గురించి మాట్లాడటం తక్కువ.

2014 అక్టోబరు 12న విశాఖ తీరాన్ని తాకిన తుఫానును ఆ ప్రాంతం ఇంకా మరువలేదు. అనకాపల్లి అప్పటికి విశాఖపట్నం జిల్లాలోనే ఉంది, 2022లో విడి జిల్లా అయింది. తుఫాను తరువాతి రోజుల్లో కరెంటు లేదు, పాలకూ కొవ్వొత్తులకూ రేట్లు పెరిగాయి. అలాంటి రోజున బేరమాడి కొనడం సాధ్యం కాదు. అందుకే పెద్ద సంస్థలు విపత్తుకు ముందే వర్తకులతో దీర్ఘకాలిక ఒప్పందాలు చేసుకుంటాయి, సరుకును ముందే నిల్వ చేస్తాయి. యూనిసెఫ్‌కు కోపెన్‌హాగన్‌లో పెద్ద గిడ్డంగి ఉన్నది ఇందుకే. కరవు రాకముందే ధాన్యం కూర్చిన యూసుఫ్ ప్రవక్త (అ) కథ చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు. తాను కాపాడగలవాడిననీ, తెలిసినవాడిననీ చెప్పి ఆయన కోరుకున్నది కోశాగారపు బాధ్యతనే.

ఆ తుఫానుకు ‘హుద్‌హుద్’ అనే పేరు సూచించిన దేశం ఒమన్. అన్ నమ్ల్ సూరాలోని ఆ పక్షిని మన ఇళ్లలో చిన్నపిల్లలు కూడా ఎరుగుదురు. సబా దేశపు వార్త తెచ్చిన హుద్‌హుద్‌ను సులైమాన్ ప్రవక్త (అ) వెంటనే నమ్మేయలేదు, కొట్టిపారేయనూ లేదు. అది చెప్పింది నిజమో అబద్ధమో చూద్దామని ఉత్తరం ఇచ్చి పంపారు. వర్తకుడు తెచ్చిన ధ్రువపత్రాన్ని పరిశీలించే గుమాస్తాకు ఇంతకంటే మంచి పద్ధతి ఎవరు నేర్పగలరు? కథ అక్కడితో ఆగదు. సబా రాణి కానుకలు పంపింది. సులైమాన్ (అ) వాటిని స్వీకరించక, తెచ్చినవారితోనే తిప్పి పంపారు.

కానుక దగ్గరకు వచ్చేసరికి సంగతి ఆఫీసు దాటి ఇంటికి చేరుతుంది. ఐక్యరాజ్యసమితి కొనుగోలు ఉద్యోగులు వర్తకుల నుండి చిన్న కానుక కూడా తీసుకోరాదు. కానీ రమజాన్ నెలలో ఖర్జూరాల పెట్టె ఆఫీసుకు రాదు, ఇంటికి వస్తుంది. కొడుకు లేని వేళ వస్తుంది. అందుకునేది తల్లి, భార్య లేదా చెల్లెలు. జకాత్ వసూలు చేసి వచ్చిన ఇబ్నుల్ లుత్‌బియ్యా అనే వ్యక్తి కొంత సొమ్మును బైతుల్‌మాల్‌కు ఇచ్చి, మిగిలినది తనకు వచ్చిన కానుక అన్నప్పుడు, తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని దైవప్రవక్త (స) మింబరు మీద నిలబడి అడిగారు. ఈ ప్రశ్న బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. కొడుకు ఈ ఉద్యోగంలో లేకపోతే ఈ పెట్టె మన గడప తొక్కేదా అని ఇంటివారు కూడా అడిగి చూడవచ్చు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే, వర్తకుల నుండి ఏది వచ్చినా తలుపు దగ్గరే సున్నితంగా తిరిగి ఇచ్చేయమని కొడుకు ఇంట్లో చెప్పి ఉంచడం మంచిది. తరువాత చెబితే పెట్టె అప్పటికే తెరిచి ఉంటుంది.

కానుకకంటే కష్టమైనది బంధుత్వం. మేనమామకు దుప్పట్ల దుకాణం ఉండవచ్చు, బావకు లారీలు ఉండవచ్చు. వారు టెండరు వేయడం నేరం కాదు. ఆ బంధుత్వాన్ని ఉద్యోగి లిఖితపూర్వకంగా తెలిపి, ఆ ఫైలు నుండి తప్పుకోవాలి. మేనమామ అలగవచ్చు. తల్లిదండ్రులకూ దగ్గరివారికీ వ్యతిరేకంగానైనా న్యాయం మీద నిలబడమని అన్నిసా సూరా ఆదేశిస్తున్నది కాబట్టి, ఆ అలకను తీర్చే పని తల్లి మీద పడుతుంది. అబ్బాయి ఒక్కడూ మోయగలిగింది కాదు అది.

ఆ తల్లికి మా జవాబు: పంపండి. పై రాబడి అన్న బంధువులకు నెల జీతం ఎంతో చెప్పి ఊరుకోండి. అయితే ఆ ఉద్యోగం నిజమైనదో కాదో ముందుగా సంస్థ స్వంత వెబ్‌సైటులో చూడండి. ఇలాంటి పేర్లతో నకిలీ నియామక పత్రాలు తిరుగుతుంటాయి. ఐక్యరాజ్యసమితి సంస్థలు దరఖాస్తుకు గాని, ఇంటర్వ్యూకు గాని, శిక్షణకు గాని అభ్యర్థి నుండి రుసుము తీసుకోవు. ఎవరైనా ఫోన్ చేసి డిపాజిట్ కట్టమంటే, అబ్బాయి తన మొదటి కొటేషన్‌ను అక్కడే తిరస్కరించవచ్చు.