నారికురుపు నేర్పిన పాఠము

క్రొత్త మందు దొరకినగాని రోగము తొలగదని పలువురి తలంపు. అది సరికాదు. రోగక్రిమికి ఆశ్రయమిచ్చు జీవిని ఆతిథేయి యందురు. ఆ జీవి యేదో తెలిసికొనుటయే మొదటి చికిత్స. ఇందుకు నారికురుపే నిదర్శనము.

నారిక్రిమి పెరిగి పెద్దదగునది మానవ శరీరములో. కావున మానవుడు నిశ్చిత ఆతిథేయి. సుమా రొక యేడాదికి ఆడక్రిమి కాలిపై బొబ్బ లేపి వెలువడును. రోగి దిగుడుబావిలో కాలు పెట్టినచో పిల్లక్రిములు నీట చేరును. వానిని సైక్లాప్స్ అను మిక్కిలి చిన్న నీటిపురుగు మ్రింగును. అవి కొంత యెదుగునది దానిలోనే. అది మాధ్యమిక ఆతిథేయి. ఆ నీటిని వడగట్టక త్రాగినవారికి వ్యాధి సోకును.

దీనికి మందు లేదు, టీకా లేదు. అయినను భారతదేశమున కడపటి రోగి కనిపించినది 1996లో. 2000 సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ దేశమును నారికురుపు లేని దేశముగా ధ్రువీకరించెను. వడపోత గుడ్డయు, చేతిపంపును, కురుపుకాలిని నీట దింపని నియమమును ఇంతటి పని చేసినవి.

ఆఫ్రికాలోని చాద్ దేశమున కుక్కలకును ఈ క్రిమి సోకుచున్నట్లు 2012లో తేలినది. ఇట్టి జంతువు రిజర్వాయరు ఆతిథేయి. అచ్చట మనుష్యులను మాత్రమే కాచిన చాలదు.

కావున మందులకు వెచ్చించునట్లే, ఏ రోగము ఏ జీవిని ఆశ్రయించునో ప్రతి గ్రామమునకు బోధించుటకును ధనము వెచ్చింపవలెను. గొలుసు ఒక్కచోట తెగినను రోగము ముందుకు సాగదు.