అతిథియా? యజమానియా?

కరీబియన్ సముద్రమునందలి దీవులలో మిక్కిలి పెద్దదియగు క్యూబా, మూడు దశాబ్దములకు పూర్వము తన రేవులను, విమానాశ్రయములను, ఇసుక తీరములను విదేశ యాత్రికులకు మరల తెరచెను. మరల అనుటకు కారణము కలదు. ఆ తలుపులు అంతకు పూర్వమొక తడవ తెరువబడి, 1959 పిమ్మట చాలవరకు మూయబడినవి. మొదటి తడవ తలుపు తీసినది పరాయి ధనము. రెండవ తడవ తీసినది ఆకలి. రెండు తడవలును ఇంటివారు తమంత తామాలోచించుకొని తీసినవారు కారు.

విదేశ యాత్రికుల రాక దేశమునకు మేలా, కీడా యని నేడు పలుచోట్ల చర్చ జరుగుచున్నది. ప్రశ్నను ఆ రూపమున అడిగినచో సమాధానము దొరకదు. వచ్చినవాడు అతిథిగా వచ్చెనా, యజమానిగా వచ్చెనా యని అడుగవలెను. ఇంటి యజమాని తానైయున్నపుడు అతిథిపూజ గౌరవము. కానపుడు అదే పూజ ఊడిగము. ఈ భేదమును క్యూబా చరిత్ర స్పష్టముగా చూపుచున్నది.

ముందుగా చెరకు సంగతి చెప్పవలెను. ఏలయన ఆ దీవిలో యాత్రికుల కథకును చెరకు కథకును మూలమొకటియే. స్పెయిన్ వారి యేలుబడిలో క్యూబా ఒక పెద్ద చెరకు తోటగా మారెను. ఆఫ్రికానుండి తేబడిన బానిసలును, 1847 మొదలు చైనానుండి తేబడిన కూలీలును ఆ తోటలలో చెమటయోడ్చిరి. బానిసత్వము 1886 వరకు తొలగలేదు. 1895లో స్వాతంత్ర్య సమరము చెలరేగెను. దానికి ప్రాణమైన కవి హోసే మార్తీ ఆ యేటనే రణరంగమున నేలకొరగెను. 1898లో అమెరికా సంయుక్త రాష్ట్రములు యుద్ధమున ప్రవేశించి స్పెయిన్‌ను ఓడించినవి. ఆ పిమ్మట పారిస్‌లో జరిగిన సంధిలో క్యూబా ప్రతినిధులకు చోటే లేకపోయెను. 1902లో క్యూబా స్వతంత్ర రాజ్యమని ప్రకటింపబడెను గాని, ప్లాట్ సవరణ యను షరతును రాజ్యాంగమున చేర్చుకొనుటకు ఒప్పుకొనిన పిదపనే అమెరికా సేన కదలెను. ఆ షరతు ననుసరించి అమెరికా తన సైన్యముతో క్యూబా వ్యవహారములలో జోక్యము చేసికొనవచ్చును. 1934లో ఆ సవరణ రద్దయ్యెను. దాని పేర 1903లో కౌలుకు పోయిన గ్వాంతానమో నౌకాస్థానము మాత్రము నేటికిని తిరిగి రాలేదు. పేరునకు స్వాతంత్ర్యము, పెత్తనము పరులది అను మాటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

ఇట్టి యింటిలోనికి మొదటి యాత్రికులు వచ్చిరి. 1920లో అమెరికాలో మద్యనిషేధము అమలులోనికి రాగా, ఫ్లోరిడాకు 90 మైళ్ల దూరమున నున్న క్యూబా ఆ దేశపు ధనికులకు పానశాల అయ్యెను. 1933లో నిషేధము తొలగినను వారి రాక ఆగలేదు. పానమునకు జూదము తోడయ్యెను. 1946 డిసెంబరులో హవానా నగరపు నాసియోనల్ హోటలులో అమెరికా నేరస్థ ముఠాల నాయకులు సభ తీర్చిరి. నియంతయగు బతిస్తా 1955లో ఒక శాసనము చేసి, పది లక్షల డాలర్లు వెచ్చించి హోటలు కట్టువారికి జూదశాల నడుపుకొను హక్కును, పన్నుల మినహాయింపును ప్రసాదించెను. ముఠా నాయకులలో నొకడగు మేయర్ లాన్‌స్కీ 1957లో సముద్రపుటొడ్డున రివియెరా యను హోటలు తెరచెను. ఆ యేట వచ్చిన యాత్రికుల సంఖ్య సుమారు 2,70,000. వరదేరో యను సుందరమైన తీరమున పెద్ద భాగమును అమెరికా దేశపు డ్యూపాంట్ అను వ్యాపారి కొని భవనము కట్టుకొనెను. మంచి తీరములనేకము ప్రత్యేక సంఘముల వశమైనవి. వానిలో నల్లని మేనుగల క్యూబా పౌరునకు ప్రవేశము లేదు. తన దేశపు సముద్రములో తాను స్నానమాడరాదు!

1959 జనవరిలో తిరుగుబాటుదారులు హవానా ప్రవేశించినపుడు ఫిడెల్ కాస్త్రో తన కార్యస్థానమును, అంతకు పూర్వపు సంవత్సరము మార్చిలో తెరువబడిన హిల్టన్ హోటలులో ఏర్పరచుకొనెను. తరువాత ఆ హోటలునకు హబానా లిబ్రే, అనగా స్వేచ్ఛాయుతమగు హవానా, అని పేరు పెట్టిరి. తీరములు సర్వజనులవి యయ్యెను. పిమ్మట జూదశాలలు మూతపడెను. పేరు మార్చుట సులభము. బ్రతుకుతెరువు మార్చుట కష్టము. 1960లో అమెరికా క్యూబా చక్కెర కొనుటను తగ్గించి, తుదకు మానివేసెను. 1962 ఫిబ్రవరిలో సంపూర్ణ వర్తక నిర్బంధము విధించెను. సోవియట్ రష్యా ఆ చక్కెరను కొనెను. కొనువాడు మారెను గాని పంట మారలేదు. 1970లో కోటి టన్నుల చక్కెర తీయవలెనని దేశమంతయు తోటలలోనికి దిగినది. 85 లక్షల టన్నులు మాత్రమే వచ్చినవి. తక్కిన పనులన్నియు ఆ యేట కుంటుపడెను. నరికిన చెరకు వెంటనే గానుగ చేరకున్న రసము చెడునని మన రైతునకు చెప్పనక్కర లేదు. ఒకే పంటపైన, ఒకే కొనుగోలుదారుపైన బ్రతుకు దేశము గతియు అంతియే.

1991లో సోవియట్ రాజ్యము కూలెను. క్యూబా చక్కెరను మంచి ధరకు కొనువాడును, నూనె నిచ్చువాడును ఒక్కసారి లేకపోయెను. మూడు నాలుగేండ్లలో దేశపు ఆదాయము మూడవ వంతు క్షీణించెను. ట్రాక్టర్లు నిలిచిపోగా ఎడ్లు మరల పొలములకు వచ్చినవి. బస్సులు నిలిచిపోగా చైనానుండి సైకిళ్లు వచ్చినవి. రోగులకు మందులు, పసివారికి పాలు తెచ్చుటకు విదేశ ద్రవ్యము కావలసియుండెను. సూర్యుడు, సముద్రము, తెల్లని ఇసుక మాత్రము మిగిలియుండెను. వానినే అమ్మజూపిరి. స్పెయిన్ కంపెనీతో భాగస్వామ్యమున వరదేరోలో 1990లోనే ఒక పెద్ద హోటలు వెలసెను. ప్రజలు డాలర్లు ఉంచుకొనుట నేరము కాదని 1993లో చట్టము చేసిరి. 1994లో యాత్రికుల వ్యవహారమునకు ప్రత్యేక మంత్రిత్వ శాఖ యేర్పడెను. ఆ దశాబ్దము నడుమ యాత్రికుల వలని రాబడి చక్కెర రాబడిని మించెను.

ఇంతవరకు తప్పెన్నుటకు వీలులేదు. ఆకలిగొన్న కుటుంబము ముంగిటి గదిని అద్దెకిచ్చుకొనుట పాపము కాదు. ఆ గదిలోనికి ఇంటి బిడ్డలనే రానీయకపోవుట పాపము. విదేశీయులకై యుద్దేశింపబడిన హోటళ్లలో క్యూబా పౌరుడు డబ్బు చెల్లింప సిద్ధపడినను గది దొరకకుండెను. 2008 మార్చి తుదివరకు ఈ కట్టుబాటు సాగెను. రావుల్ కాస్త్రో అధ్యక్షుడైన పిదపనే అది తొలగెను. నల్లవానిని తీరమునుండి వెడలగొట్టిన సంఘములను కూల్చిన ప్రభుత్వమే, తన పౌరుని తన హోటలు గుమ్మమున నిలువరించెను. సమత్వమును కాపాడుటకే ఇట్లు చేసితిమని పాలకులు చెప్పుకొనిరి. పేదవాడు ప్రవేశింపలేని చోట ధనికుడును ప్రవేశింపరాదనిరి. ఈ సమాధానము మాకు సమ్మతము కాదు. విదేశీయుడు ప్రవేశించు చోట స్వదేశీయుడు ప్రవేశింపరాదను నియమము ఎవరు చేసినను, ఏ సిద్ధాంతము పేర చేసినను, దాని రంగు ఒక్కటే. పరపాలనలో నలిగిన జాతులకు ఆ రంగును గుర్తించుట కష్టము కాదు.

దీనికి తోడు రెండు నాణెములు వచ్చినవి. సామాన్యునకు పెసో, యాత్రికునకు, యాత్రికుని సేవించువానికి డాలరుతో సరితూగు వేరొక పెసో. ఈ ద్వంద్వ వ్యవస్థ 2021 జనవరిలో గాని రద్దు కాలేదు. వైద్యుని నెల జీతము ఇరువది ముప్పది డాలర్లకు మించని కాలమున, హోటలులో పళ్లెము లందించువాడు బహుమానముల రూపమున అంతటి సొమ్మును కొద్ది దినములలో సంపాదించెను. ఉపాధ్యాయులు బడులు విడిచిరి; ఇంజనీర్లు టాక్సీలు తోలిరి. ఎన్నో యేండ్ల కష్టమున ఒక జాతి తన బిడ్డలకు చెప్పించిన చదువు యాత్రికుని సామాను మోయుటకు పోయెను. ఇట్టి నష్టము ఏ ప్రభుత్వపు జమాఖర్చులోను కానరాదు.

అయినను ఆ దీవిలోనే మంచి దారి యొకటి కానవచ్చినది. హవానా పాతపట్టణము 1982లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను. నాలుగు శతాబ్దముల నాటి ఆ కట్టడములు ఒక్కొక్కటిగా కూలుచుండగా, నగర చరిత్రకారుడగు యుసేబియో లియాల్ కార్యాలయమునకు 1993లో ప్రత్యేకాధికార మియ్యబడెను. ఆ కార్యాలయము తానే హోటళ్లను, భోజనశాలలను నడిపి, యాత్రికుడిచ్చిన సొమ్ముతో మేడలనే కాక, ఆ వీథుల నివాసుల యిండ్లను, బడులను, గర్భిణీ స్త్రీల ఆశ్రయమును బాగుచేసెను. వచ్చిన సొమ్ము వచ్చిన వీథిలోనే, ఆ వీథివారి కన్నులయెదుట వ్యయమయ్యెను. 2020లో లియాల్ గతించెను. అంతకు ముందే, 2016లో, ఆ హోటళ్లు సైన్యమునకు చెందిన వ్యాపార సంస్థ వశమైనవి. వీథివారి చేతినుండి పెత్తనము జారెను.

రెండవ మంచి దారి గృహస్థుల ద్వారా వచ్చెను. 1997లో చట్టరీత్యా అనుమతి లభింపగా, వేలకొలది కుటుంబములు తమ గదులను యాత్రికులకు అద్దెకిచ్చి జీవించినవి. ఇండ్లలో నడుచు భోజనశాలలలో పండ్రెండు కుర్చీలకు మించరాదని తొలుత నిబంధన. ఆ పండ్రెండు కుర్చీల పూటకూళ్లలో యజమాని యెవడో, అతిథి యెవడో సందేహము లేకుండెను.

2014 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు ఒబామాయు, రావుల్ కాస్త్రోయు సఖ్యము ప్రకటించిరి. 2016 మేలో అమెరికా విహారనౌక హవానా రేవు చేరెను. ఆగస్టులో విమానములు రాసాగెను. 2018లో దీవికి వచ్చినవారు దాదాపు 47 లక్షలు. రాబోవు జనమును నమ్మి గృహస్థులు అప్పు చేసి గదులు పెంచిరి. 2019 జూనులో మరియొక అధ్యక్షుని కలముపోటుతో అమెరికా నౌకలు ఆగిపోయినవి. మరుసటి యేడు కోవిడ్ మహమ్మారి వచ్చెను. 2024లో యాత్రికులు 22 లక్షలే. 1960లో చక్కెరకు పట్టిన గతియే యాత్రిక వ్యాపారమునకును పట్టినది. వాషింగ్టనులో ఒక సంతకము, హవానాలో ఒక పస్తు!

ఇందులో అమెరికా దోషము చిన్నది కాదు. ఒక చిన్న దేశమును అరువదేండ్లకు పైగా వర్తక నిర్బంధమున నుంచుట యే ధర్మమునకును సరిపడదు. 1992 మొదలు ఐక్యరాజ్యసమితి సర్వసభ ఏటేట దీనిని గర్హించుచున్నది. భారతదేశమును ఆ పక్షముననే నిలిచినది. అట్లని హవానా పాలకుల దోషము కప్పిపుచ్చదగదు. పొలములకు పెట్టుబడి లేని యేండ్లలో సైతము హోటళ్లు లేచుచుండెను. ప్రభుత్వపు లెక్కలలోనే దేశపు పెట్టుబడిలో మూడవ వంతునకు పైగా హోటళ్లు మొదలగువానికి పోగా, వ్యవసాయమునకు నూటికి మూడు పాళ్లు దక్కిన సంవత్సరములు కలవు. ఒకనాడు 80 లక్షల టన్నుల చక్కెర తీసిన దీవి 2023లో నాలుగు లక్షల టన్నులైనను తీయలేకపోయెను. 2024 అక్టోబరులో విద్యుద్వ్యవస్థ కుప్పకూలి దీవి యంతయు చీకటిలో మునిగెను. మరుసటి యేడు హవానాలో నలువది అంతస్తులకు మించిన కొత్త హోటలు తెరువబడెను. అతిథికై కట్టిన గదులు ఖాళీ. ఇంటివారి పొయ్యియు ఖాళీ. 2021 తరువాత పదిలక్షలకు పైగా జనము దేశము విడిచి పోయిరి. అతిథి రాక తగ్గుచుండగా ఇంటివారే వెడలిపోవుచున్న ఆ గృహమును తలచిన నెవరికి కడుపు తరుగుకొనిపోదు?

కాబట్టి మా యభిప్రాయమిది. యాత్రిక వ్యాపారము ఊరగాయ వంటిది. అన్నముతోడ నుండిన రుచి, అన్నమే అదియైనచో రోగము. ముందు తిండిగింజలు, విద్యుత్తు, విద్య, వైద్యము స్వాధీనమున నుండవలెను. ఆ పిమ్మట తలుపు తెరచినచో వచ్చువాడు అతిథియే యగును. స్వదేశీయుడు కాలుపెట్టరాని చోటు విదేశీయునకై యేర్పరుపరాదు. యాత్రికుడిచ్చు సొమ్ములో ఆ యూరి భాగము ఆ యూరివారికి తెలియునట్లు వ్యయము కావలెను. ఈ మూడును లేనిచోట ఎన్ని లక్షలమంది వచ్చినను అది ఆతిథ్యము కాదు, కౌలు.

మనవారిలో ఆ దీవిని చూడబోవువారికిని ఒక మాట. గృహస్థుని యింట దిగుడు. ఆ యింటివారు వండినది తినుడు. వెల వారి చేతికే యిండు. వరదేరో ఇసుకను చూచి తృప్తిపడక, హవానా పాతవీథులలో నడచి, అక్కడివారు చెప్పుదానిని వినుడు. రొట్టెకై వరుసలో నిలిచిన ముసలివానిని వింతగా ఫొటో తీయకుడు. అతడు మీ వినోదము కొరకు పేదవాడు కాలేదు. పరాయి యింటికి పోయినవాడు తాను అతిథినని మరువకుండుట మొదటి మర్యాద. ఇంటివారు తామే యజమానులమని మరువకుండుట అంతకంటె ముఖ్యము. క్యూబా ప్రజలు ఆ యజమానిత్వమునకై రెండు తడవలు రక్తమోడ్చిరి. అది వారికి పూర్తిగా దక్కు దినము ఇంకను రావలసియున్నది.