పరదేశవాసము - ఆత్మపరిచయము

పరదేశమునకేగిన విద్యార్థి పట్టముతో మరలివచ్చిన చాలునని తలంచువారు మనలో పెక్కురు. అచ్చటి వాసమువలన మనవారు చెడిపోవుదురని బెంగపడువారును కలరు. ఈ రెండు తలంపులును సరియైనవి కావని మా యభిప్రాయము. పరదేశవాస ఫలములలో పట్టము కడపటిది. విద్యార్థి తన్ను తా నెరుగుట మొదటిది.

దేశములు తమ విద్యార్థులను పరస్పరము పంపుకొను పద్ధతి రెండవ ప్రపంచయుద్ధానంతరము బలపడినది. 1946లో అమెరికాయందు సెనేటరు ఫుల్‌బ్రైట్ తెచ్చిన చట్టము, యుద్ధమున మిగిలిన సామగ్రి నమ్మగా వచ్చిన ధనమును ఇందులకు వినియోగించెను. 1950 ఫిబ్రవరిలో మన దేశమును ఆ ఏర్పాటులో చేరెను. ఐరోపావారు 1987లో నెలకొల్పిన ఎరాస్మస్ పథకము నేటికిని సాగుచున్నది. ఒకనాడు ఒకరినొకరు చంపుకొన్న జాతులు తమ బిడ్డలను ఒకరి పాఠశాలలకొకరు పంపుకొనుటలోని మర్మమేమి? పొరుగువాని యింట అన్నము తిన్నవాడు వానిపై సులభముగా కత్తి దూయజాలడని వారి విశ్వాసము.

ఇంట మాటకారియని పేరొందిన యువకుడు అచ్చట పెదవి విప్పుటకు జంకును. ఎన్నడును పొయ్యి ముట్టింపనివాడు తన యన్నము తాను వండుకొని, తన కంచము తాను కడుగుకొనును. ఇంటిపని హీనమను భ్రమ అంతటితో తొలగును. అటుపై ఆతిథ్యమిచ్చిన వారడుగుదురు: మీ భాషలో మహాకవి యెవరు? మీ యూరి చెరువు నెవరు త్రవ్వించిరి? మీలో కులభేదము లేల? సమాధానము తోచక తలవంచుకొన్న రాత్రియే వానికి నిజమైన విద్యారంభము.

ఇందులకు నిదర్శనములు మన చరిత్రలోనే కలవు. 1888లో లండనుకేగిన గాంధీ తల్లికిచ్చిన మాటకై మాంసము ముట్టకుండెను. అచ్చట శాకాహార గ్రంథములు చదివిన పిదప అది ఆయనకు స్వంత విశ్వాసమయ్యెను. దివ్యజ్ఞాన సామాజికు లిద్దరు తమతో భగవద్గీత చదువుమని కోరగా, దానిని అంతవరకు చదువనందుకు ఆయన సిగ్గుపడెను. మన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఎడింబరోలో చదివెను. ఆయన ఆనంద కుమారస్వామితో కూడి నందికేశ్వరుని అభినయదర్పణమునకు చేసిన ఆంగ్లానువాదము 1917లో వెలువడెను. 1921లో చీరాల-పేరాల పౌరులను నడిపించినవాడాయనయే. వి. వి. గిరి 1913లో డబ్లినుకేగి, ఐర్లండువారి స్వాతంత్ర్యోద్యమమును కన్నులార చూచి, 1916లో మరలివచ్చి కార్మికోద్యమమున దిగెను. వీరిలో నెవ్వరును పరాయివారై తిరిగిరాలేదు; తమ దేశమును మరింత తమదిగా చేసికొని వచ్చిరి.

నేటి మాటయేమి? వేలకొలది తెలుగు యువకులు సముద్రములు దాటుచున్నారు. కాని వారిలో పలువురు ఒకే వసతిగృహమున తమవారితోనే కూడి, మన వంటయే తిని, మన సినిమాలే చూచి, పొరుగువాని పేరైన నెరుగక మరలుచున్నారు. నేరము వారిది మాత్రమే కాదు. అప్పుచేసి వెళ్లినవానికి ఋణచింత తప్ప అన్యచింతకు తీరికయేది? కావుననే ఒకటి రెండు అర్ధసంవత్సరములకు పంపి మరల రప్పించు వినిమయ పద్ధతి మనకు మేలు. అచ్చట చదివిన చదువును ఇచ్చటి పట్టమునకు లెక్కింపక, వానికి ఏడాది నష్టము కలిగించుట అన్యాయము. అట్లు లెక్కింప వీలు కల్పింపవలెనని 2020 జాతీయ విద్యావిధానము పలికినది. పలుకు ప్రతి కళాశాలయందును క్రియగా మారవలెను.

వినిమయమనగా ఇచ్చిపుచ్చుకొనుట. మన విశ్వవిద్యాలయములకు వచ్చు పరదేశ విద్యార్థులు, మనము పంపువారితో పోల్చిన అత్యల్పులు. ఒక చేయి మాత్రమే చాచువాడు యాచకుడగును గాని మిత్రుడు కాజాలడు. వారిని పిలువవలెను, మన యిండ్ల తలుపులు తెరువవలెను, మన భాష వారికి నేర్పవలెను.

పయనమగు యువకులారా! పెట్టెలో ఆవకాయ సర్దుకొనుడు, తప్పులేదు. దానితోపాటు మీ దేశచరిత్రను, మీ భాషలోని నాలుగు మంచి గ్రంథములను సర్దుకొనుడు. అచ్చట చెవులు తెరచియుంచుడు. మరలివచ్చిన పిదప మీ యూరి పఠనమందిరమున కూర్చుండి, చూచినదానిని నిష్పక్షపాతముగా చెప్పుడు. మీ రొక్కరు చూచినది ఊరంతయు చూచిననాడే మీ పయనము సఫలమగును.