ముందు మనిషిని కాటా ఎక్కించండి, తర్వాత కుర్చీ కొనండి

మనవాళ్ళు లాప్‌టాప్ కొనాలంటే పదిహేను రోజులు పరిశోధన చేస్తారు. ప్రాసెసర్ ఏ తరానిది, ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా, నాలుగు గంటలు వరసగా వాడితే వేడెక్కుతుందా... పక్క సీటువాడిని కూడా పని చేసుకోనివ్వరు. అదే ఊళ్ళో ఉన్న నాన్నకి కరెంటు చక్రాల కుర్చీ కావాలంటే మాత్రం లంచ్ టైములో ఫోను తీసి, స్టార్లు ఎక్కువున్నది చూసి, కార్డు గీకేసి చేతులు దులుపుకుంటారు. ఒళ్ళు మండి రాస్తున్నా కాబట్టి కాస్త ఘాటుగానే ఉంటుంది. నొచ్చుకోవద్దు. నొచ్చుకున్నా పర్లేదు.

ఈ మధ్య ఎవరైనా "ఏ కుర్చీ కొనమంటావ్?" అని అడిగితే నేను తిరిగి ఒకటే అడుగుతున్నా - ఆయన బరువెంత? తొంభై శాతం మంది దగ్గర జవాబు లేదు. "ఎనభై ఉంటాడేమో" అంటారు. ఎప్పుడు తూచారయ్యా అంటే, మోకాళ్ళ నొప్పులు రాకముందు, ఏదో ఆస్పత్రిలో. అసలు నడక ఆగిపోయింది కాబట్టే కదా కుర్చీ కొంటున్నారు? నడక ఆగాక ఒళ్ళు పెరగదా? కొందరికి తగ్గుతుంది కూడా. ఎటు పోయినా పాత అంకె పనికిరాదు.

మాది రుద్రూర్. చెరుకు పరిశోధన కేంద్రం ఉన్న ఊరు. 2015 డిసెంబరులో మూతబడే దాకా బోధన్ షక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి బండ్లు తోలిన రైతులు మా చుట్టూ ఎందరో. వాళ్ళలో ఒక్కరికీ తూకం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. నిండు బండి తూకం, ఖాళీ బండి తూకం, మధ్యలో తేడా. కిలో తేడా వస్తే కాటా దగ్గరే నిలబడి కొట్లాడేవాళ్ళు. అలాంటి ఇంట్లో పుట్టి ఇంజినీరింగులు చదివిన మనం "120 కిలోల కెపాసిటీ" అని రాసి ఉంటే, ఆ 120 దేనిదో అడక్కుండా డబ్బులు కట్టేస్తున్నాం.

మా పెద్దనాయన సంగతే చెప్తా. డాలస్‌లో ఉన్న మా కాక కొడుకు ప్రేమతోనే, అందులో అనుమానం లేదు, మడతపెట్టే కరెంటు కుర్చీ ఒకటి ఆన్‌లైన్‌లో కొని పంపించాడు. 120 కిలోలన్నారు, పెద్దనాయన 85 అనుకున్నాడు, ఇంకేం, బోలెడు ఖాళీ! ఇంట్లో నున్నటి బండల మీద బ్రహ్మాండంగా తిరిగింది. వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు, అందరం దండాలు బొమ్మలు కొట్టాం. మర్నాడు గేటు దగ్గర మేస్త్రీ పోసిన సిమెంటు వాలు మీద సగం ఎక్కి, కంట్రోలర్ ఎర్రలైటు వేసుకుని ఆగిపోయింది. వెనకనుంచి పెద్దమ్మ భుజం పెట్టి ఆపింది. డెబ్బై ఏళ్ళ మనిషి. ఆమె పట్టు జారితే ఇద్దరి నడుములూ పోయేవి. అమ్మినవాడికి ఫోన్ చేస్తే, "ఆ కెపాసిటీ చదును నేల మీదకే సార్" అన్నాడు. ఆ ముక్క పెట్టె మీద ఎక్కడా లేదు.

తర్వాత వడ్ల కొనుగోలు కేంద్రంలో ఉన్న కాటా మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి ఆయన్ని కూర్చోబెట్టి తూచాం. "నేనేమన్న చెరుకు బండినార, కాటా ఎక్కిస్తున్నవ్?" అని మొదట గరమైండు. కుర్చీ బరువు తీసేస్తే 104 కిలోలు! మెత్త, సంచి, నీళ్ళ సీసా కలిపితే 108. ఇక చక్రాల కుర్చీ బరువు 26. మోటారు లాగాల్సింది 134. మోటారుకి మీ నాన్న వేరు, కుర్చీ వేరు కాదు. దానికి అంతా ఒకటే బండి.

ఇప్పుడు ఎనిమిదో తరగతి లెక్క. పన్నెండు అడుగుల పొడవుకి ఒక అడుగు ఎత్తు లేచే వాలు మీద, అంటే 1:12, ఈ 134 కిలోల్ని పైకి నెట్టడానికి సుమారు 11 కిలోల బలం కావాలి. మన దేశపు మార్గదర్శకాలు కూడా అంతకంటే నిటారుగా కట్టొద్దంటాయి. మా మేస్త్రీ పోసింది రెండడుగుల పొడవులో అర అడుగు ఎత్తు. అంటే 1:4. అక్కడ కావల్సింది 32 కిలోల పైనే, దాదాపు మూడింతలు. పైగా ఎక్కేటప్పుడు ఆగిపోవడం ఒక ఎత్తైతే, దిగేటప్పుడు ఆ బరువంతా ముందుకి తోస్తుంది. బ్రేకు దాన్ని ఆపాలి. దీని గురించి ఏ వీడియోలోనూ చూపించరు.

పది లక్షల మంది వస్తారని తెలిస్తే సరిగ్గా పది లక్షలకే సర్వర్ కడతామా? లోడ్ టెస్టు చెయ్యకుండా రిలీజ్ చేస్తే మేనేజరు ఊరుకుంటాడా? కుర్చీలకీ లోడ్ టెస్టులున్నాయి మహాప్రభో. ఐఎస్‌ఓ 7176 అని ఒక పెద్ద ప్రమాణాల వరస ఉంది. అందులో గట్టితనం పరీక్షకి, కంపెనీ చెప్పిన బరువుకి తగిన బొమ్మని కూర్చోబెట్టి, పట్టీలు బిగించిన డ్రమ్ముల మీద 2 లక్షల చుట్లు తిప్పుతారు. ఆపైన 5 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 6,666 సార్లు కింద పడేస్తారు. వాలు మీద నిలకడకి, బ్రేకులకి, బ్యాటరీకి వేరే భాగాలు. అమ్మేవాణ్ణి "ఈ 120 ఏ పరీక్షలో తేలింది, కాయితం ఉందా?" అని అడగండి. మెయిల్‌లో అడగండి, నోటిమాట వద్దు. నేను అడిగిన చోట్ల సగం మంది నోరెళ్ళబెట్టారు.

అమెరికాలో మెడికేర్ వాళ్ళు కరెంటు కుర్చీల్ని మనిషి బరువుని బట్టే తరగతులు చేస్తారు. 300 పౌండ్ల దాకా మామూలువి, ఆపైన 450 దాకా బరువైనవి, 600 దాకా మరీ బరువైనవి. మనదగ్గర ఆన్‌లైన్ షాపుల్లో ముందు రంగు, తర్వాత డిస్కౌంటు, ఎక్కడో కిందకి దొర్లించాక కెపాసిటీ. అక్కడినుంచి మోసుకొచ్చే మిత్రులకి ఇంకో మాట: 300 పౌండ్లంటే 136 కిలోలు, 300 కిలోలు కాదు :) ఛార్జరు 230 వోల్టులకి పనికొస్తుందో చూడండి. తీసే లిథియం బ్యాటరీ అయితే విమానంలో 300 వాట్-అవర్లు దాటకూడదు. 24 వోల్టులు, 20 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అంటే 480, అది ఎయిర్‌పోర్టులోనే ఆగిపోతుంది.

అయితే అన్నిటికంటే పెద్దది కొనేస్తే పోలా అనే తెలివైనవాళ్ళూ ఉన్నారు. డబ్బుంది కదా అని! 200 కిలోలు మోసే కుర్చీలు చాలావాటికి సొంత బరువే ఒక మనిషి బరువు దాటుతుంది. ఎవరు లేపాలి? మీరు గచ్చిబౌలిలోనో డాలస్‌లోనో ఉంటారు. కరెంటు పోయి ఛార్జింగు అయిపోయిననాడు, ఆటో ఎక్కించాల్సిననాడు అక్కడుండేది పెద్దమ్మ. పాత ఇళ్ళ తలుపుల్లో అది పట్టదు కూడా. సీటు వెడల్పుదీ ఇదే గొడవ, ఇరుకైతే తొడలు ఒరుసుకుని పుండ్లు, వదులైతే మనిషి ఒక పక్కకి ఒరిగిపోతాడు.

నా లెక్క నేను చెప్తా, నచ్చితే వాడుకోండి. తూచిన బరువు, మీద పెట్టుకునే సామాను కలిపి, దానికి ఇంకో నాలుగో వంతు. పెద్దనాయనకి 108 కి 27 కలిపితే 135. అంటే 136 తరగతి కుర్చీ, 120 ది కాదు. అప్పుడు కూడా ఆ 1:4 వాలు అలాగే ఉంచితే ప్రయోజనం లేదు. మేస్త్రీని పిలిచి, అర అడుగు ఎత్తుకి ఆరడుగుల వాలు పోయించండి. దానికయ్యే ఖర్చు కుర్చీ ఖర్చులో చిన్న ముక్క, కానీ ఫ్యామిలీ గ్రూపులో ఫోటో పెట్టడానికి అంత బాగుండదనుకుంటా, అందుకే ఎవరూ చెయ్యరు.

ఇంకోటి. మోటారుని విడదీసి చేత్తో నెట్టుకునే లీవరు ప్రతి కరెంటు కుర్చీకీ దాదాపు ఉంటుంది. ఆ లీవరు వేసి ఉన్నంతసేపూ చాలావాటికి మోటారు బ్రేకు పనిచెయ్యదు. పంపించేముందు అది ఎక్కడుందో, వాలు మీద ఎందుకు ముట్టుకోకూడదో, కుర్చీలో కూర్చునే ఆయనకి కాదు, వెనక నిలబడే ఆమెకి చూపించండి.