పగటి యెండ, రాత్రి బొగ్గు

మనదేశము వాడుకొను ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా పరదేశములనుండి ఓడలమీద వచ్చుచున్నది. పశ్చిమాసియాలో ఎవరు కత్తి దూసినను ఇచ్చట మన గుండెలు దడదడలాడుచుండును. ఇట్టి పరాధీనత నుండి విముక్తికి ఇంటిమిద్దెపై సౌరఫలకములు, వాకిట విద్యుత్కారు సాధనములని పలువురు చెప్పుచున్నారు. ఇది మాకును సమ్మతమే. కాని యిందొక చిక్కు గలదు. దానిని గూర్చి మాటలాడువారు అరుదు.

ముందు లెక్క చూతము. ఒక కిలోవాటు ఫలకములకు నీడ పడని చోటు సుమారు నూరు చదరపుటడుగులు కావలెను. మన ఎండకు అది దినమునకు రమారమి 4 యూనిట్ల విద్యుత్తు నిచ్చును. మూడు కిలోవాట్లు పెట్టుకొన్న గృహస్థునకు 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము క్రింద 78,000 రూపాయల సహాయము లభించును. ఆ మూడు కిలోవాట్లు దినమునకు 12 యూనిట్లు పండించును. చిన్న విద్యుత్కారు ఒక యూనిటుతో సుమారు ఆరు కిలోమీటర్లు పోవును. ఇంటి దీపములకును పంకాలకును పోగా మిగిలినది కారునకు చాలునని కాగితముపై తేలుచున్నది.

చిక్కు గడియారములో నున్నది. ఎండ కాయు వేళ కారు ఇంటనుండదు. యజమానితో కూడ కచేరి యావరణలో నిలిచియుండును. సాయంకాలమున ఇల్లు చేరి తీగ తగిలించునప్పటికి సూర్యుడు అస్తమించియుండును. మధ్యాహ్నము మిద్దెపై పండినది ఊరి తీగలలోనికి పోయినది. రాత్రి కారునకు ఎక్కునది ఇబ్రహీంపట్నము వంటి కేంద్రములలో కాలుచున్న బొగ్గు. దేశములో ఏడాది పొడవున పుట్టు విద్యుత్తులోనే నూటికి 70 పాళ్లవరకు బొగ్గుది. ఎండ లేని రాత్రివేళ దాని వంతు ఇంకను హెచ్చు. నెట్ మీటరు పగలు ఇచ్చినదానిని రాత్రి పుచ్చుకొన్నదానితో కొట్టివేయును. లెక్క కుదిరినది, ఎండ మాత్రము కారులోనికి ఎక్కలేదు. మీటరు జమాఖర్చుల పుస్తకమే గాని ధాన్యపు గాదె కాదు.

ఇంటిలో వేరొక బ్యాటరీ పెట్టుకొని పగటి విద్యుత్తును దాచుకొనవచ్చునందురు. ధనవంతులకది సాధ్యమే. గుమాస్తాలకును ఉపాధ్యాయులకును ఆ వ్యయము మోయరాని బరువు. అంతకంటె సులభమార్గ మొకటి కలదు. కారులోనే 25, 30 యూనిట్లు పట్టు బ్యాటరీ యున్నది కదా! దానిని రాత్రి రాత్రికి నింపవలెనను నియమమేమియు లేదు. సెల్‌ఫోనుకు అలవడిన చేయి కారును గూడ ప్రతిరాత్రి తగిలించుచున్నది, అంతియే. శని, ఆదివారములు సెలవుగల ఉద్యోగి ఆ రెండు దినములు ఉదయము తొమ్మిది మొదలు మూడుగంటలవరకు కారును ఇంటిమిద్దె విద్యుత్తునకు తగిలించినచో 20 యూనిట్లవరకు నిండును. అది 120 కిలోమీటర్లకు సరిపోవును. కచేరికి దినమునకు 20 కిలోమీటర్లు పోయివచ్చువానికి వారమంతయు గడచును. ఇంటనే వైద్యశాల గల డాక్టరునకు, వాకిటనే దుకాణము గల వర్తకునకు ఈపాటి చిక్కును లేదు. స్కూటరు కలవాని సంగతి మరియు సులభము; దానికి మూడు యూనిట్లు చాలును.

ఇంటిమిద్దెతో పని తీరనివారికి కచేరి యావరణయే దిక్కు. కలెక్టరు కచేరులు, కళాశాలలు, న్యాయస్థానములు, రైలుస్టేషనులు—వీని యావరణలలో వాహనములు దినమంతయు ఎండలో మాడుచున్నవి. వానిపై రేకులకు బదులు సౌరఫలకములు పరచిన నీడయు దొరకును, విద్యుత్తును దొరకును. పగటివేళ విద్యుత్తు ధర తగ్గింపవలెననియు, రద్దీవేళ హెచ్చింపవలెననియు కేంద్రప్రభుత్వము 2023లో నియమము చేసినది. సేద్యగాండ్రు తప్ప తక్కిన వినియోగదారులకు 2025 ఏప్రిలు 1వ తేదీ గడువు పెట్టినది. గృహస్థునకు ఆ భేదము చీటీలో కనబడిననాడు, ఎవరును బోధింపకయే కారు పగటిపూట తగిలింపబడును. కంపెనీలు రద్దీవేళ హెచ్చింపును మాత్రము జ్ఞప్తియందుంచుకొని పగటి తగ్గింపును మరువకుండ ప్రజలు కనిపెట్టియుండవలెను.

ఫలకములలోని కణములును, బ్యాటరీలలోని లిథియమును చాలవరకు చీనానుండియే వచ్చుచున్నవి గదా, ఇదెక్కడి స్వదేశీయని అడుగువారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. సూర్యఘర్ సహాయమునకు దేశమున చేసిన ఫలకములే యుండవలెనను నిబంధన మంచిది. అయినను పెట్రోలు కాలిన మరుక్షణమున పొగ. ఫలకము ఒకసారి కొన్నచో ఇరువదియైదేండ్లు పండును. రెండును ఒకే దిగుమతియని త్రాసున వేయుట తగదు.

మిద్దెయే లేనివాని మాట యేమి? బెజవాడలోను విశాఖలోను హైదరాబాదులోను మధ్యతరగతివారు వేలకొలది అపార్టుమెంటులలో నున్నారు. పైకప్పు అందరిది గనుక ఎవరిదియు కాదు. ఎక్కడనో పెట్టిన ఫలకముల పంటలో వంతును తన మీటరునకు జమ వేయించుకొను వర్చువల్ నెట్ మీటరింగు పద్ధతికి ఢిల్లీలో 2019లోనే మార్గదర్శకములు వెలువడినవి. కొత్త కట్టడములలో వాహనములు నిలుపు చోటున నూటికి 20 వంతులు విద్యుద్వాహనములకు అనువుగా నుండవలెనని ఆ సంవత్సరమే కేంద్రము ఆదర్శ నిబంధనలలో చేర్చినది. మన పురపాలక సంఘములు ప్లానులు మంజూరు చేయునప్పుడు ఈ నిబంధనను ఎంతమాత్రము పాటించుచున్నవో కౌన్సిలు సభలలో సభ్యులు అడుగవలెను. కొత్త ఇల్లు కొనువారు డబ్బు చెల్లింపక పూర్వమే బిల్డరును అడుగవలెను.