టమోటాను లెక్కలోంచి తీసేయొద్దు

2023 జులైలో మా మదనపల్లె మార్కెట్‌లో కిలో టమోటా వంద దాటింది. ఆ నెల దేశంలో రిటైల్ ద్రవ్యోల్బణం 7.44 శాతం. రిజర్వు బ్యాంకు ద్రవ్య విధాన కమిటీలోని ఆరుగురు వడ్డీ రేటు తేల్చేముందు మొదట చూసేది ఈ అంకెనే. దాన్ని 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం తేడాతో నిలపడం వాళ్ల బాధ్యత.

నేను బ్యాంకులో ఇంటి అప్పులు చూసినవాణ్ణి. ఈ అంకె మామూలు సంసారాల మీద ఎంత భారం మోపుతుందో నాకు తెలుసు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరిలోపు ఆ కమిటీ తేల్చే వడ్డీ రేటు, అంటే రెపో రేటు, 4 నుంచి 6.5 శాతానికి ఎక్కింది. ఇరవై ఏళ్లకు 25 లక్షలు తీసుకున్నవాళ్లకు వడ్డీ 7 నుంచి 9.5 శాతం అయితే, 19,400 రూపాయల నెల వాయిదా 23,300 దాకా వెళ్తుంది. వాయిదా పెంచకపోతే గడువు పెరుగుతుంది. "రిటైరయ్యాక కూడా కట్టాలా సార్?" అని అడిగిన టీచరమ్మకు అవుననే చెప్పాల్సి వచ్చింది.

వడ్డీ పెంచితే టమోటా ఎక్కువ కాయదు, నిజమే. అందుకే ఆహారాన్ని పక్కనపెట్టి ద్రవ్యోల్బణ లక్ష్యం పెట్టుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించమని 2024 జులైలో కేంద్ర ఆర్థిక సర్వే సూచించింది. నేను ఒప్పుకోను. కూరగాయల ధర దిగుతుంది గానీ, దాని పేరు చెప్పి పెంచిన టిఫిన్ ధర, మెస్ బిల్లు దిగవు. కూలి రేట్లూ అంతే.

అసలు లోపం ద్రవ్యోల్బణాన్ని కొలిచే ధరల సూచీలో ఒక్కో సరుకుకు ఇచ్చే తూకాల్లో ఉంది. 2012 ఆధార సూచీలో ఆహార పానీయాల వాటా పల్లె, పట్నం కలిపి దాదాపు 46 శాతం. ఆ వాటా కట్టింది 2011-12 ఇంటి ఖర్చుల సర్వే చూసి. 2017-18 సర్వే ఫలితాలను కేంద్రం విడుదల చేయలేదు. మళ్లీ 2022-23 సర్వే వచ్చేసరికి పల్లె ఇళ్ల ఖర్చులో తిండి వాటా 53 నుంచి 46 శాతానికి పడిపోయింది. అయినా పాత తూకంతోనే 2024 అక్టోబరు ద్రవ్యోల్బణం 6.21 శాతమని తేల్చారు. డిసెంబరులో కమిటీలో ఇద్దరు రేటు తగ్గిద్దామన్నారు, నలుగురు వద్దన్నారు. తగ్గింపు 2025 ఫిబ్రవరి దాకా ఆగింది. ఆ ఆలస్యంలో పాత తూకాలకూ పాత్ర ఉందని నా నమ్మకం.

ఇప్పుడు 2024 ఆధారంగా కొత్త సూచీ వచ్చింది. దాన్నీ పుష్కరంపాటు పాతబడనివ్వకూడదు. ఇంటి ఖర్చుల సర్వే ఐదేళ్లకోసారి జరగాలని, ఫలితాలు ఎలా ఉన్నా బయటపెట్టాలని పార్లమెంటు చట్టం చేయాలి. వాయిదాలు కట్టే ప్రతి ఒక్కరూ తమ ఎంపీని అడగాల్సిన మాట ఇది.